లియాండర్ బాబాయి పనిలో కూర్చునే వేళ

చీకటి పడ్డాక గన్నర్ గుట్ట వైపు బండి తిప్పకూడదని మా ఊరు సాల్ట్ టికిల్‌లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

గుట్ట మీద ఒక టవరు ఉంది. టవరు కింద రేకుల గది. మా ఊరి ఫోన్లు, నెట్, క్లినిక్ కబుర్లు అన్నీ ఆ గది మీంచే పట్నం పోవాలి. పగలు వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. తాళం, మంచు, రేకుల మీద రెండు కాకులు.

చీకటి పడగానే మాత్రం… తాళం వేసిన గదిలో ఎవరో ఊపిరి తీస్తారు. సన్నగా, ఆగకుండా. కిటికీలో పచ్చటి వెలుగు కొట్టుకుంటుంది. మంచు మీద బండి లాగే కుక్కలు ఎంత మంచివైనా గుట్ట దారి వంపు దగ్గర కదలకుండా కూర్చుండిపోతాయి.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో నెట్ చచ్చిపోతుంది. ఫొటో పంపితే పోదు. చూస్తున్న సినిమా ఆగిపోతుంది.

"లియాండర్ బాబాయి పనిలో కూర్చున్నాడు" అని అందరూ ఫోన్లు పక్కన పడేస్తారు. నవ్వుతూనే అంటారు. అంటూనే గుట్ట వైపు కిటికీకి తెర లాగేస్తారు.

లియాండర్ అంటే ఒకప్పుడు ఆ టవరు చూసుకున్న మనిషి, ఊరందరికీ బాబాయి. సాయంత్రం పూట లైను నడవట్లేదని ఊరు మొత్తుకుంటే, కంపెనీవాళ్ళు బాగానే ఉందనేవాళ్ళు. వాళ్ళు వేసవిలో వస్తారు, పగలు చూస్తారు, పోతారు. "నోటితో చెబితే వినరు, కొలిచి చూపిస్తా" అన్నాడంట బాబాయి. కొలవడమంటే పెద్ద విద్యేం కాదు. ఈ చివర నుంచి ఒక ఫైలు పంపుతారు. అందులో ఏమీ ఉండదు, ఉత్త బరువు. అది ఆ చివరికి పూర్తిగా చేరేసరికి ఎంతసేపు పట్టిందో చూసుకుంటారు. అంతే.

ఒక డిసెంబరు సాయంత్రం ఆ పని మొదలుపెడతానని గుట్ట ఎక్కాడు. తిరిగొస్తుంటే బండి కింద సముద్రం మీది మంచు విరిగింది. బండీ దొరకలేదు. మనిషి వసంతంలో గానీ దొరకలేదు.

ఆయన తర్వాత టవరు పని సెల్బీ రంబోల్ట్‌కి ఇచ్చారు. మంచోడు, కొంచెం పిరికి. పగలే గుట్టెక్కి, పగలే దిగిపోయేవాడు. ఈ సంగతంతా సెల్బీ చెబితే విన్నదే. కొంత మాత్రం నేను నా చెవులతో విన్నాను, అదెలాగో చెబుతా.

పోయిన చలికాలం. మధ్యాహ్నం టీ తాగి కప్పు కడిగేసరికే చీకటి పడిపోయే రోజులు. లియాండర్ బాబాయి ఒక్కగానొక్క కూతురు మరీనాకి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. మొగుడు గనుల్లో పనికి పోయి ఉన్నాడు. క్లినిక్‌లో నర్సు బెర్నీస్ ఒక్కతే. డాక్టరు పట్నంలో.

బెర్నీస్ కడుపు స్కానింగ్ తీసింది. బిడ్డ ఎలా ఉందో తనకి సరిగ్గా తెలియట్లేదంది. ఆ బొమ్మలు డాక్టరు చూడాలి. చూసి, మరీనాని మోటారు మంచుబండికి కట్టిన జారుడు చెక్క, స్లెడ్జి మీద పక్క ఊరి విమానం దగ్గరికి తీసుకెళ్ళాలో, ఇక్కడే ఉంచాలో చెప్పాలి. గాలి లేస్తోంది. ఇంకాసేపైతే విమానం ఎగరదు.

బొమ్మలు పంపింది. పావు వంతు పోయి… ఆగిపోయాయి.

సెల్బీ అప్పుడు నేను పనిచేసే పెట్రోలు కొట్లోనే ఉన్నాడు. గోడకున్న వాకీటాకీలో బెర్నీస్ గొంతు వచ్చింది.

"సెల్బీ, లైను కదలట్లేదు. గుట్ట మీదికి పోయి చూడు."

సెల్బీ ముఖం చూడలేకపోయాను. పొయ్యి పక్కన కూర్చున్న గార్లండ్ తాత మాత్రం ఊరుకోలేదు.

"బాబాయి కనపడితే నా డ్రిల్లు మిషను అడగరా. తీసుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు."

"నువ్వే వచ్చి అడుగు తాతా."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

ఎవరం నవ్వలేదు. సెల్బీ చేతి తొడుగులు వేసుకుని వెళ్ళిపోయాడు.

వంపు దగ్గరికి వచ్చేసరికి బండి ఆపి విన్నాడంట. గాలి. గాలి కింద… ఇంకోటి. ఊపిరి.

కిటికీలో పచ్చ వెలుగు.

తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. లోపల లైటు వేశాడు. బ్యాటరీలు, వైర్లు, కుర్చీ. ఎవరూ లేరు. ఊపిరి మాత్రం ఉంది, బ్యాటరీల వెనక నుంచి. అటు చూడకుండా లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు తనే ఒక చిన్న ఫైలు పట్నానికి పంపి చూశాడు. పగలైతే తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా చేరిపోయేది. ఇప్పుడు ఇంకా ఎంతసేపు పడుతుందో చూపించే అంకె తగ్గడం మానేసి పెరుగుతోంది. అరగంట అంది. ముప్పావు గంట అంది. గంట అంది. తన ఫైలు కూడా ఆ దారినే తొక్కుతోందని గుర్తొచ్చి భయపడి ఆపేశాడు.

"బెర్నీస్… ఇప్పుడెంత?" అని వాకీటాకీలో అడిగాడు.

"సగం కూడా కాలేదు. సెల్బీ, ఏదో ఒకటి చెయ్యి."

ఏం చేస్తాడు. ఎంత మెల్లిగా పోతోందో చెప్పగలడు. అంతవరకే ఆ కొలిచే సామాను చేసేది. ముందుకి తోయలేదు, వెనక్కి లాగలేదు. జ్వరం చూసే గాజు గొట్టం పట్టుకుని జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టుంది, అన్నాడు నాతో.

వాకీటాకీలో వెనక మరీనా మూలుగు వినిపిస్తోంది. మా కొట్లోనూ వినిపిస్తోంది. మా ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక వాకీటాకీ ఉంటుంది, అందరిదీ ఒకటే ఛానెలు. ఆ సాయంత్రం ఊరంతా వింటోంది.

సెల్బీ అప్పుడు లైను మీద ఏమేం పోతోందో తెరిచి చూశాడు. క్లినిక్‌ది సన్నటి దారం. ఊళ్ళోవాళ్ళవి ఏవో పోగులు. మిగతా దారి అంతా నిండిపోయి ఉంది. ఎవరో ఒక్కరే నింపేస్తున్నారు.

ఎక్కణ్ణుంచి పంపుతున్నారా అని చూశాడు.

ఈ గదిలోంచే.

తన లాప్‌టాప్ కాదు. తన పని ఎప్పుడో ఆపేశాడు. కానీ ఈ గదిలోంచే… ఇప్పుడే… ఎవరో ఫైలు పంపుతున్నారు.

మెల్లిగా తల తిప్పాడు.

బ్యాటరీల వెనక, మూలలో… ఒక మనిషి వంగి కూర్చున్నాడు. ముదురు నీలం కోటు. తల లేదు. కోటు గుండెల దగ్గర పచ్చ వెలుగు కొట్టుకుంటోంది. ఊపిరి అక్కణ్ణుంచే.

సెల్బీ పారిపోదామనుకున్నాడు. తలుపు తెలుసు, తోవ తెలుసు. కానీ వాకీటాకీలో మరీనా "అమ్మా" అంది.

వెళ్ళి కోటు పట్టుకుని లాగాడు.

కింద ఒక బూడిద రంగు కంప్యూటరు పెట్టె. వెచ్చగా ఉంది. దాని పంకా తిరుగుతోంది. అంతే.

ఆ కోటు ఆ మూలన ఉందని సెల్బీకి మొదటినుంచీ తెలుసు. లియాండర్ బాబాయిది. పోయినాయన కోటు ఎవరు ముట్టుకుంటారు. ఏళ్ళ తరబడి దాని పక్కనుంచే నడిచాడు, ఎత్తి చూడలేదు. వేసవిలో వచ్చే కంపెనీవాళ్ళూ ఎత్తలేదు.

పెట్టె చలికి బిగుసుకుపోకూడదని బాబాయే కోటు విప్పి దాని మీద కప్పి ఉంటాడు. కోటు లేకుండానే ఆ రోజు గుట్ట దిగాడన్నమాట.

పెట్టె మీద టేపు. టేపు మీద ఆయన రాత. పరీక్ష నడుస్తోంది, ఆపవద్దు.

రోజూ చీకటి పడగానే మొదలయ్యేలా పెట్టి వెళ్ళాడు. రద్దీ వేళ లైను ఎంత పాడుగా ఉంటుందో కంపెనీకి చూపించాలని. ఆయన పోయినా అది నడుస్తూనే ఉంది. కొలవడానికి పెట్టిందే ఊరి గొంతు పట్టుకుంది.

పీకెయ్యాలని చెయ్యి చాపి ఆగాడు సెల్బీ. వాళ్ళ పనిలో ఒక పద్ధతుంది. ఒకళ్ళు పెట్టిన పరీక్ష ఇంకొకళ్ళు ఆపరు. మధ్యలో ఆపితే అప్పటిదాకా కొలిచిందంతా పాడవుతుందని. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఫైలు ఎవరికో చేరుతోంది. అటు చివర ఎవరో అందుకుంటున్నారు. ఎవరు…

వాకీటాకీ నొక్కాడు.

"బెర్నీస్, ఎఫీ పిన్ని అక్కడుందా?"

ఎఫీ పిన్ని లియాండర్ బాబాయి భార్య. కూతురి చెయ్యి పట్టుకుని అక్కడే ఉంది.

"చెప్పు నాయనా."

"పిన్నీ… బాబాయి ఇక్కడొక పెట్టె పెట్టాడు. దాని రెండో చివర ఎక్కడుందో నీకేమన్నా తెలుసా?"

ఎఫీ పిన్ని గొంతు తగ్గించింది.

"మా వంటింట్లో" అంది. "ఫైలు పట్నం పోయి తిరిగొచ్చి చేరే చిన్న మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫైలు చేరగానే మోగుతుంది. అది మోగిందంటే నేను బయల్దేరినట్టే అన్నాడు. ఆ రోజు మోగింది…"

వాకీటాకీ గరగరలాడింది.

"రోజూ మోగుతుంది నాయనా. నేనెవరికీ చెప్పలేదు. పిచ్చిదంటారని."

మా కొట్లో గార్లండ్ తాత తల వంచుకున్నాడు.

"పిన్నీ… మరీనా బొమ్మలకి అదే అడ్డం. ఆపాలి. ఆపితే మళ్ళీ మోగదు. ఇది పంపితేనే అది మోగేది. పాత మిషను, ఒకసారి కరెంటు తీస్తే మళ్ళీ లేవదు."

సెల్బీ ఆ మాట చెప్పకుండా పీకేసి ఉండొచ్చు. ఎందుకు చెప్పావని అడిగితే, అబద్ధం చెప్పే గదిలా లేదురా అది, అన్నాడు.

"ఆపెయ్" అంది ఎఫీ పిన్ని. గొంతు మామూలుగానే ఉంది. "ఇవాళ ఎలాగూ ఇంట్లో వినేవాళ్ళు లేరు. ఆపెయ్ నాయనా."

వైరు పీకాడు.

పంకా మెల్లిగా… మెల్లిగా… ఆగింది. పచ్చ వెలుగు ఆరిపోయింది.

"పోతోంది" అంది బెర్నీస్. "సెల్బీ, పోతోంది. అయిపోవచ్చింది… అయిపోయింది."

డాక్టరు చూశాడు. బిడ్డ కాళ్ళు కిందికి ఉన్నాయి, బండి మీద కుదిపితే బొడ్డుతాడు ముందు జారిపోతుంది, కదపొద్దు, అన్నాడు. మావాళ్ళు అప్పటికే స్లెడ్జి మీద దుప్పట్లు పరిచి, మరీనాని లేపి కూర్చోబెట్టారు. మళ్ళీ పడుకోబెట్టారు. అక్కణ్ణుంచి డాక్టరు చెబుతూ ఉంటే బెర్నీస్ చేస్తూ ఉంది. గాలి లేచింది. సెల్బీ గుట్ట దిగలేకపోయాడు. ఆ గదిలోనే, ఆ కోటే కప్పుకుని కూర్చున్నాడు. చెయ్యడానికి వాడికేం లేదు, మాకూ ఏం లేదు. ఎవరం వాకీటాకీ దగ్గర్నుంచి లేవలేదు.

తెల్లారబోతుండగా ఆడపిల్ల ఏడ్చింది.

సెల్బీ ఆ కంప్యూటరు పెట్టె కిందికి తెచ్చేశాడు. ఎఫీ పిన్నికి ఇచ్చెయ్యాలని. రోజూ ఇస్తానంటాడు, రోజూ మా కొట్లోనే వదిలేసి పోతాడు. చివరికి, నువ్వూ రారా, ఒక్కణ్ణీ వెళ్ళలేను అన్నాడు. వెళ్ళాం. వెలుతురు పోతున్న వేళ.

మరీనా లోపలి గదిలో బిడ్డకి పాలిస్తోంది. ఎఫీ పిన్ని కెటిల్‌లో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, మమ్మల్ని వంటింట్లోనే కూర్చోమంది. సెల్బీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పీకేసిన వైరు కింద నేల మీద పడి ఉంది.

"పిన్నీ… ఆ రోజు నీకు ఆ ఒక్కటీ లేకుండా చేశాను."

"ఏది నాయనా?"

"బాబాయి… ఆ మోగేది."

ఎఫీ పిన్ని వాడి వంక జాలిగా చూసింది. వాడికే ఏదో తెలియనట్టు.

"రోజూ వస్తూనే ఉన్నాడుగా. ఇదివరకు చాలా ఆలస్యం చేసేవాడు. ఎదురుచూసి ఎదురుచూసి నా టీ చల్లారిపోయేది. ఇప్పుడు తొందరగా వచ్చేస్తున్నాడు. దారి ఖాళీ అయింది కదా."

సెల్బీ నా వైపు చూశాడు. నేను వాడి ఒళ్ళోని పెట్టె మీద చెయ్యి వేసి చూశాను. మంచులా చల్లగా ఉంది.

కిటికీ బయట చీకటి పడింది.

బల్ల మీది మిషను మోగింది.

ఎఫీ పిన్ని లేచి, అరలోంచి ఇంకో కప్పు తీసి మా కప్పుల పక్కన పెట్టింది. కెటిల్ మీద చెయ్యి పెట్టి చూసింది.

"చూశావా" అంది మెల్లిగా. "నీళ్ళు ఇంకా కాగనే లేదు."