శాలువాలో చుట్టిన గాజు గొట్టం

సంచి మట్టి మేడమ్‌దే గానీ, సర్దింది పెద్దక్క.

ఆ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ల విభాగం, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ చేతిలో ఉంది. ఏ సంస్థ ఏ పరిశోధనకు డబ్బిస్తుందో వెతికి, అధ్యాపకుల వెంటపడి ప్రతిపాదనలు రాయించి, తిరగరాయించి, కంప్యూటర్‌లో పంపించేదాకా ఆమెకు కంటిమీద కునుకుండదు. ఎవరికైనా ఇంటర్వ్యూకి పిలుపొస్తే, ప్రయాణం నాడు సంచి తన గదికి తెప్పించుకుని తానే సర్దుతుంది. ఎప్పుడో ఒకాయన ముఖ్యమైనవన్నీ ఇంట్లో మరిచిపోయి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాడట. అప్పటినుంచీ ఆమెకు ఈ అలవాటు.

ఆ గురువారం ఉదయం కూడా అడుగున బట్టలు పెట్టి, మూరెడు గాజు గొట్టాన్ని శాలువాలో చుట్టడం మొదలుపెట్టింది. గొట్టంలో పొరలు పొరలుగా మట్టి. చవిటినేల మళ్ళీ ఎలా ప్రాణం పోసుకుందో ఆ పొరలే చెబుతాయి. నేలల మీద పరిశోధన చేసే మట్టి మేడమ్ ఇన్నేళ్ళ కష్టమంతా అందులోనే ఉంది. పెద్దక్క చుడుతుండగా ఆమె ఛార్జర్ తెచ్చుకుంటానని ప్రయోగశాలకు పరిగెత్తింది.

మధ్యాహ్నమయ్యేసరికి మట్టి మేడమ్ అదే సంచి భుజాన వేసుకుని, ఎదురు వీధిలో మేడమీద ఉన్న ప్రైవేటు డిటెక్టివ్ గది తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

డిటెక్టివ్‌ని అందరూ పొడుగాయన అంటారు. ఆయన సహాయకురాలు ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఆయన తెలివి మీద ఆమెకు ఎంత గురి ఉందో, ఆయన వేరేవాళ్ళని మెచ్చుకుంటే అంత మంట కూడా ఉంది. ఆయన మెత్తటి కుర్చీ వచ్చినావిడకి చూపించడం చూసి, ఆమె మూతి బిగించి నీళ్ళ గ్లాసు తెచ్చింది.

"నా ప్రతిపాదన వెనక్కి తీసేసుకున్నారండీ!" అంది మట్టి మేడమ్. "మీ విశ్వవిద్యాలయమే ఉపసంహరించుకుంది, రేపు ఇంటర్వ్యూకి రానక్కర్లేదు అని డబ్బిచ్చే సంస్థవాళ్ళు సందేశం పెట్టారు."

"అది ఎవరు చేయగలరు?"

"పెద్దక్క కంప్యూటర్‌లో, ఆవిడ పాస్‌వర్డ్‌తోనే జరగాలి. ఆఫీసు సెల్‌ఫోన్‌కి ఒక నంబరొస్తుంది, అదీ కొట్టాలి. పాస్‌వర్డ్ మాకందరికీ తెలుసు. పంపేటప్పుడు పక్కన కూచోబెట్టుకుని, చివరి మీట 'నీ చేత్తోనే నొక్కవే' అంటుంది. ఆవిడకి దాచడం రాదు. ఆ ఫోనేమో పొద్దుటినుంచీ కనబడటం లేదు."

"ఎవరి మీద అనుమానం?"

ఆమె తల దించుకుంది. "ఇంటిగుట్టు బయటపెట్టుకోవడం... మా తోటికోడలండీ. ఆవిడా అక్కడే రసాయనశాస్త్రం చెబుతుంది. ఆవిడవి అన్నీ తిరిగొచ్చేశాయి. నాకు మొదటిసారే పిలుపొచ్చింది. ఛార్జర్ తీసుకుని నేను వచ్చేసరికి పెద్దక్క టీకి వెళ్ళింది. ఈవిడ ఆ కంప్యూటర్ ముందు కుర్చీలో ఒక్కతే కూచునుంది."

"మరి మీ పెద్దక్క ఏమంటోంది?"

"'ఎవరు చేశారో తేలకుండా వాళ్ళకేం చెప్పను? ముందు నువ్వు రైలెక్కు, మిగతాది నేను చూసుకుంటా' అని ఒకటే తరుముతోంది. ఐదింటికి రైలు. ఈ ఇంటర్వ్యూ పోతే నా ప్రయోగశాల మూసేస్తారండీ. మళ్ళీ ఇలాంటి పిలుపు రాదు."

"సంచి ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండీ. తిరిగొచ్చినప్పుడు భుజానికెత్తుకున్నదే, దింపలేదు."

పొడుగాయన సహాయకురాలి వైపు తిరిగాడు. "సంస్థవాళ్ళకి ఫోన్ చేసి, ఒకసారి వెనక్కి తీసుకున్నాక ఏం జరుగుతుందో కనుక్కోండి. మీ గొంతుకి ఎవరైనా జవాబిస్తారు."

ఆ ఒక్క మాటతో ఆమె మంట చల్లారింది.

* * *

తోటికోడలు తన ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతోంది. సంగతి వినగానే చేతులు దులుపుకుంది.

"కుళ్ళు ఉందా అని అడుగుతున్నారా? ఉంది. ఎందుకుండదు? పొద్దున లేస్తే మా అత్తగారు, 'చిన్నకోడలికి పిలుపొచ్చింది, విన్నావా?' అంటారు. నాకేమో చెవుల్లేనట్టు, మళ్ళీ సాయంత్రం కూడా చెబుతారు."

"అక్కా, నేనేం చెప్పమన్నానా?" అంది మట్టి మేడమ్.

"వద్దని కూడా అనలేదుగా చెల్లీ!"

పొడుగాయన అడ్డొచ్చాడు. "ఆ గదికి ఎందుకు వెళ్ళారు?"

"స్వెట్టరు ఇవ్వడానికి. అక్కడ చలి వణికిస్తుంది. ఈ మహాతల్లికి మట్టి తప్ప ఇంకేమీ గుర్తుండదు. నాకు కుళ్ళుంటే ఉంది గానీ, ముక్కు కారుకుంటూ ఇంటర్వ్యూకి పోనిస్తానా?"

"ఆ కుర్చీలోనే ఎందుకు కూచున్నారు?"

"నడుం నొప్పి. ఆ గదిలో ఒంటికాలి మీద ఊగని కుర్చీ అదొక్కటే. కావాలంటే మీరూ కూచుని చూడండి."

"స్వెట్టరు మీరే సంచిలో పెట్టారా?"

"చుట్టి కట్టేసిన శాలువా మీద పడేశాను. దాన్ని కదిపితే పెద్దక్క బతకనిస్తుందా?"

బయటికొచ్చాక సహాయకురాలు గొణిగింది. "ఇంత నోరున్న మనిషి చాటుగా చేస్తుందంటారా సార్?"

"నోరుంటే చేతులుండవా?" అన్నాడాయన. నవ్వలేదు.

* * *

పెద్దక్క గది గోడ నిండా ఫోటోలే. ఒక్కొక్కరూ సంచి భుజాన వేసుకుని, నవ్వుతూ, వాకిట్లో నిలబడి ఉన్నారు.

"వీళ్ళంతా గ్రాంట్లు తెచ్చుకున్నవాళ్ళేనా?"

"నేను పంపినవాళ్ళే." పెద్దక్క పైటచెంగుతో ఒక ఫోటో అద్దం తుడిచింది. "గ్రాంటుతోబాటే పెద్ద పెద్ద చోట్లకి వెళ్ళిపోయారు. పలకరించే తీరికుండొద్దూ?"

"ఫోన్ ఎప్పుడు పోయింది?"

"టీకి వెళ్ళొచ్చేసరికి బల్లమీద లేదు. ఆ కుర్చీలో ఎవరు కూచున్నారో మీకు చెప్పే ఉంటారు. నా నోటితో నేననను." మట్టి మేడమ్ వైపు తిరిగింది. "చిట్టీ, నువ్వింకా ఇక్కడే ఉన్నావేమే? స్టేషన్‌కి నడువు!"

"ఒక్క నిమిషం. ఈ గందరగోళంలో ఆ గాజు గొట్టం పగల్లేదు కదా?"

పెద్దక్క ముఖం వెలిగింది. "నా చేత్తో కట్టింది ఎలా పగులుతుంది? టీకి వెళ్ళేముందే కట్టేశాను. ఆ ముడి నాకు తప్ప ఎవరికీ రాదు. ఇంకొకళ్ళు విప్పినా మళ్ళీ అలా కట్టలేరు."

"నాక్కూడా నేర్పదండీ," అంది మట్టి మేడమ్.

"నేర్పితే ఇంక నాతో పనేముందే?"

నవ్వుతూనే అంది. అయినా ఆ గొంతు సహాయకురాలి చెవికి పుల్లగా తగిలింది. అలాంటి గొంతు ఆమెకు కొత్త కాదు. తనలోనూ ఉంది.

ఆమె వరండాలోకి వెళ్ళి, సంస్థవాళ్ళతో మాట్లాడి వచ్చి పొడుగాయన చెవిలో చాలాసేపు చెప్పింది. ఆయన తల ఊపి, తోటికోడల్ని కూడా పిలిపించాడు. అందరూ కూచున్నాక తలుపు వేశాడు.

* * *

"అసూయ ఉన్నవాళ్ళ కోసం వెతికితే అందరూ దొరుకుతారు," అని మొదలుపెట్టాడు పొడుగాయన. "అందుకే నేను ఫోన్ కోసం వెతికాను. నంబరు కొట్టాక ఫోన్‌తో ఇంక పని లేదు. బల్లమీద వదిలేస్తే సరిపోయేది. ఎందుకు మాయం చేశారు?"

సహాయకురాలు జవాబిచ్చింది. "వెనక్కి తీసుకున్నది నిజమేనా అని సంస్థవాళ్ళు అదే ఫోన్‌కి చేసి అడుగుతారట. ఇవాళ చేశారు, ఎవరూ ఎత్తలేదు. ఆఫీసు మూసేలోపు జవాబు రాకపోతే పిలుపు తర్వాతివాళ్ళకి పోతుంది."

"అలా చేస్తారని నాకే తెలీదు," అంది తోటికోడలు. "నావి వాళ్ళే తిప్పి పంపారు. నేనెప్పుడు వెనక్కి తీసుకున్నాను?"

"చిన్నావిడకీ తెలీదు. గతంలో ఒకరిది వెనక్కి తీసుకున్నప్పుడు వాళ్ళు మాట్లాడింది ఒక్క పెద్దక్కతోనే. ఇక రెండో సంగతి. ఇంటర్వ్యూ లేదని తెలిశాక కూడా ఈ అమ్మాయిని రైలెక్కమని ఎందుకు తరిమారు? మనిషి వెళ్ళాల్సిన అవసరం లేదు. వెళ్ళాల్సింది సంచి."

ఆయన సైగ చేశాడు. సహాయకురాలు తన ఫోన్‌లో ఆఫీసు నంబరు నొక్కింది.

గదిలో ఏ మోతా లేదు. అంతలో సంచిలోంచి సన్నగా, గాజు వణుకుతున్నట్టు, ఝుమ్మని ఒక చప్పుడు వచ్చింది. తోటికోడలు స్వెట్టరు తీసి పక్కన పెట్టింది. చప్పుడు శాలువా చుట్టలోంచి వస్తోంది. ముడి చెక్కుచెదరలేదు.

"టీకి వెళ్ళేముందే కట్టానన్నారు. మీ ముడి ఇంకెవరికీ రాదన్నారు. తోటికోడలు వచ్చేసరికే ఫోన్ అందులో ఉంది పెద్దక్కా. అక్కడికెళ్ళి విప్పితే, తప్పు ఈ అమ్మాయి మీదికే పోయేది."

పెద్దక్క ఫోటోల వైపు తిరిగింది.

"నిన్న ఏమన్నావే చిట్టీ?" అంది. "నువ్వు వెళ్ళే ఊళ్ళోని ఆ పెద్ద శాస్త్రవేత్త నీకు అమ్మలాంటిదన్నావు. పక్కన కూచుని ఆర్నెల్లు రాయించింది నేను. ఏడిస్తే కళ్ళు తుడిచింది నేను. ఆవిడ ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడి అమ్మయిపోయింది. వీళ్ళందర్నీ పంపాను, ఓర్చుకున్నాను. నిన్ను పంపడానికే చెయ్యి రాలేదు."

మట్టి మేడమ్ ఏడుస్తోంది. "అడిగితే చెప్పేదాన్ని కదక్కా..."

"ఏమని?"

మట్టి మేడమ్ సంచిలోంచి శాలువా చుట్ట తీసి ఆమె ముందు పెట్టింది.

పొడుగాయన గడియారం చూశాడు. "సంస్థ ఇంకా మూయలేదు. వాళ్ళకి కావలసింది మీ గొంతే."

పెద్దక్క తానే ముడి విప్పి ఫోన్ తీసింది. "వెనక్కి తీసుకోలేదండీ. తప్పు నాది, విశ్వవిద్యాలయానిది కాదు. రేపు మా అమ్మాయి వస్తోంది," అని చెప్పి పెట్టేసింది. తర్వాత గొట్టాన్ని మళ్ళీ శాలువాలో చుట్టింది. తాడు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఇలా రా. కుడి కొస కిందనుంచి తియ్యి. ఇప్పుడు రెండూ కలిపి లాగు. నేర్చుకో. తిరిగొచ్చేటప్పుడు నేనుండను కదా."

మట్టి మేడమ్ తన చేత్తో ముడి వేసింది. బిగిసింది. దానిమీద స్వెట్టరు పెట్టి సంచి మూసింది తోటికోడలు.

"వెళ్ళొస్తానక్కా."

"ఊఁ. వెళ్ళిరా."

మెట్లు దిగుతూ సహాయకురాలు అడిగింది. "నేనెప్పుడైనా మానేసి వెళ్తే మీరేం చేస్తారు సార్?"

"ఎక్కడికి వెళ్తారు?" అన్నాడు పొడుగాయన కంగారుగా. ఆ కంగారు ఆమెకు చాలా రోజులు సరిపోయింది.

పెద్దక్క తానే రాజీనామా ఇచ్చింది. మట్టి మేడమ్ ఇంటర్వ్యూ నెగ్గింది. గ్రాంటు ఎవరికొస్తే వాళ్ళ వెంటే పోతుంది గనక, దాంతోబాటు ఆ పెద్ద శాస్త్రవేత్త దగ్గరే ఉద్యోగంలో చేరింది. భర్త మరుసటి నెలలో సామాను తీసుకెళ్ళాడు. స్వెట్టరు ఇంకా రాలేదని తోటికోడలు సణుగుతూనే ఉంది.

మట్టి మేడమ్ ఆ గురువారం సాయంత్రం ఐదింటి రైలుకి వెళ్ళింది. తిరిగి రాలేదు.