ఉప్పు లేని చొక్కా

పడవలో శవం. కాళ్లకు వల చుట్టుకుని ఉంది. పడవ మాత్రం ఒడ్డున గుంజకు కట్టేసే ఉంది.

చనిపోయింది జాలరిపేట పెద్ద. కొత్త డీప్ వాటర్ పోర్టు కోసం పేట ఖాళీ చేసేది లేదని మొండికేసిన మనిషి. ఊపిరితిత్తుల్లో నీళ్లున్నాయన్నాడు డాక్టర్. చెవిలో కాస్త బూడిదరంగు బంకమట్టి ఉందని కూడా అన్నాడు. దాన్నెవరూ పట్టించుకోలేదు.

అనుమానం అల్లుడి మీద పడింది. పడవ ఇద్దరిదీ. పోర్టులో ఉద్యోగానికి ఒప్పుకున్నందుకు ముందురోజే మామ అతణ్ని నలుగురిలో చెడామడా తిట్టాడు. ఆ సంగతి పోలీసులకు చెప్పింది అతని భార్యే. పాపం, తండ్రి పోయిన దుఃఖంలో ఆమెకు ముందూ వెనకా కనిపించలేదు.

"రాత్రి వేటకి వెళ్లావా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"లేదండీ."

"మామను చివరిసారి ఎప్పుడు చూశావు?"

"గొడవప్పుడే. తర్వాత డ్రెడ్జర్ వైపు వెళ్లాడు. తవ్విన మట్టి మా వేటచోటే పోస్తున్నారని ఆయన బాధ."

డ్రెడ్జర్ అంటే సముద్రం అడుగు తవ్వే ఓడ. దాని సూపర్‌వైజర్‌ని పిలిపిస్తే, పెద్దాయన ఓడ ఎక్కనేలేదని తేల్చేశాడు.

సాయంత్రానికి అల్లుణ్ని కోర్టులో హాజరుపరచాలి. ఇన్‌స్పెక్టర్‌కి మనసొప్పడం లేదు. స్టేషన్ వెనక్కి వెళ్లింది. తీగమీద, ఒంటిమీంచి తీసి అలాగే ఆరేసిన మృతుడి నల్లచొక్కా, పక్కనే కానిస్టేబుల్ ప్యాంటు. సాక్ష్యాన్ని ఆరేసే పద్ధతి ఇదా అని తిట్టబోయి ఆగిపోయింది.

పొద్దున శవాన్ని దించుతూ అలల్లో తడిసిన ప్యాంటు మీద తెల్లటి ఉప్పుచారలు. చొక్కా మీద ఒక్కటీ లేదు.

వెంటనే అందర్నీ పిలిపించింది.

"సముద్రంలో మునిగిన మనిషైతే చొక్కాకి ఉప్పుండాలి. ఎవరో మంచినీళ్లతో కడిగారు." సూపర్‌వైజర్ వైపు తిరిగింది. "మీ తవ్వకం మొదలయ్యాక పేట బావులన్నీ ఉప్పయ్యాయి. అక్కడ తాగడానికే ట్యాంకర్ రావాలి. మీ ఓడలో మాత్రం తుప్పు పడుతుందని ప్రతి వస్తువునీ మంచినీళ్ల పైపుతో కడుగుతారు. అలవాటుగా మనిషినీ కడిగేశారు. చెవిలో మాత్రం మీరు తవ్విన మట్టి మిగిలిపోయింది."

సూపర్‌వైజర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఫొటోలు తీస్తుంటే ఫోన్ లాక్కోబోయాను. తవ్విన మట్టి నింపే బురదతొట్టిలో పడ్డాడు. ఒళ్లంతా మా మట్టే. ఆనవాలు ఉండకూడదని కడిగి, వేటలో పోయాడనుకుంటారని వల చుట్టాం."

"పడినవాణ్ని పైకి లాగాలని తోచలేదా?"



లాకప్ తెరిచారు. భార్య భర్త ముఖం చూడలేకపోయింది. అతనికి కోపం లేకపోలేదు.

"మామయ్యను ఇంటికి తీసుకెళ్లాలి," అన్నాడు. "పద."