ఎడమ మోకాలికి తగిలిన అల

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. నేను నెమ్మదిగా రాస్తాను గానీ కథ మాత్రం పరుగెడుతుంది.

“దీవి మీద లైట్‌హౌస్. అందులో విదేశీ ముఠా. ఉదయం ఏడింటికి ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తారు. ఆ దొంగ సిగ్నల్ నమ్మి, మూడొందల మందితో వస్తున్న ఓడ రాళ్లెక్కుతుంది. ఓడకి మన వైర్‌లెస్ అందడం లేదు,” అన్నాడు గూఢచారి దళం చీఫ్.

“నేనేం చెయ్యాలి?” అంది ఏజెంట్.

“ట్రాన్స్‌మిటర్ కేబుల్ కోసెయ్యాలి. మోటారు చప్పుడైతే కాల్చేస్తారు, కయాక్‌లో, ఆ సన్న తెడ్డు పడవలో వెళ్లండి. పొగమంచు కాబట్టి జీపీఎస్ చెప్పినట్టే నడపాలి. ఇది ఆర్డర్.”

ఏజెంట్ కోడ్‌నేమ్ ‘అత్త’. వయసు యాభై, వేషం చేపలమ్మిది. జీపీఎస్ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్న నావిగేషన్ నిపుణురాలు ‘కోడలు’. అంత మంచులోనూ ఆమె లిప్‌స్టిక్ మెరుస్తోంది. ఆ పేర్లు పెట్టినవాడిది ముందుచూపో, ఎకసెక్కమో!

ఐదున్నరకి బయలుదేరారు. చుక్కాని పెడల్స్ వెనక సీట్లో ఉన్న అత్త కాళ్ల కింద ఉన్నాయి.

“కొంచెం కుడికి,” అంది కోడలు. కాసేపాగి, “ఇంకొంచెం.”

అత్త తల్లి రేవు దాటించిన మనిషి. “కళ్లు మూసుకుని నడుముతో చూడవే,” అనేది. ఈ నీళ్లలో పెద్ద అల ఎప్పుడూ పడమటి నుంచే వస్తుంది. దీవి ఉత్తరాన ఉంది. అంటే అల ఎడమ తుంటికి తగలాలి. ఇప్పుడు వీపుకి తగులుతోంది.

“మనం తూర్పుకి పోతున్నాం. పెట్టె అబద్ధం చెబుతోంది.”

“శాటిలైట్ కంటే మీకెక్కువ తెలుసా, అత్తగారూ?”

“శాటిలైట్‌ని ఏమీ అనను. ఈ పెట్టెకి నువ్వేం నేర్పావో చెప్పు.”

కోడలు జాకెట్‌లోంచి పిస్టల్ తీసింది. “తూర్పు రేవులో మావాళ్లు కాచుకుని ఉన్నారు. నోర్మూసుకుని పోనీ!”

“వెనక్కి తిరిగి కాల్చు, చూద్దాం.” అత్త నడుము ఒక్క ఊపు ఊపింది. కయాక్ అంచు నీళ్లు తాగింది. “ఈతొచ్చా, అమ్మాయ్?”

రాదు. కోడలు కెవ్వుమని రెండు చేతులా అంచులు కరుచుకుంది. పిస్టల్, జీపీఎస్ రెండూ బుడుంగుమన్నాయి.

అత్త పడవ తిప్పింది. అల ఇప్పుడు తుంటికి కాదు, ఎడమ మోకాలికి తగులుతోంది.

“దారి తప్పావ్!” అంది కోడలు.

“కావాలనే. తిన్నగా పోయి తప్పితే ఎటు తప్పామో తెలీదు. ఎడమకే తప్పితే, ఒడ్డు తగలగానే కుడికి తిరగడమే.”

ఆరూ యాభై ఒకటికి అడుగున ఇసుక గరగరలాడింది. కోడల్ని పడవ తాడుతో కట్టేసి, అత్త కుడికి పరుగెత్తింది. లైట్‌హౌస్ వెనక గోడకి మణికట్టంత కేబుల్. పైన ఎవరో లెక్కపెడుతున్నారు: “ఐదు... నాలుగు... మూడు...”

‘రెండు’ దగ్గర చేపల కత్తికి కేబుల్ తెగింది. ఓడ హారన్ కొట్టుకుంటూ తన దారిన తాను పోయింది. వెనకే వచ్చిన దళం ముఠాని పట్టుకుంది.

చీఫ్ మొహం గంటు పెట్టుకున్నాడు. “ఆర్డర్ ధిక్కరించారు. జీపీఎస్ ఏదీ?”

“సముద్రం అడుగున ఉంది సార్. కనీసం తానెక్కడుందో అయినా నిజం చెబుతుందేమో, అడిగి చూడండి.”

— రేవు పెద్దమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ప్రస్తుతం చిన్నకూతురి దగ్గర, రెండో అంతస్తులో. కిటికీలోంచి నీళ్లు కనబడతాయి.