తాళం పడిన ప్రశ్న

ఆ ఉదయం నాన్న కాఫీ ముట్టుకోలేదు. ముప్పై ఏళ్లుగా మైక్రోవేవ్‌లూ వాషింగ్ మిషన్లూ బాగుచేస్తున్న మనిషి, ఫోను ముందు పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. అలిగాడనుకుంది కూతురు. కారణం కూడా తనకు తెలుసనే అనుకుంది.

మెకానిక్కుల కోసం ఆన్‌లైన్ గ్రూపు పెట్టింది ఆమే. పదివేల మంది చేరారు. సగం మంది నాన్నలాగే షెడ్డులో నేర్చుకున్న హిందీలో రాసేవారు. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా జవాబులివ్వాలంటే అంతా ఇంగ్లీషులోనే ఉండాలని వారం కిందట రూలు పెట్టింది. ఆ రోజు ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు. అప్పట్నుంచీ హిందీ కనబడితే చాలు, "ఇంగ్లీషులో అడగండి" అని ఇంగ్లీషులోనే ఒక ముక్క రాసి ఆ ప్రశ్నకు తాళం వేసేస్తోంది. తాళం పడ్డాక దాని కింద ఎవరూ జవాబు రాయలేరు.

"ఇంకా ఎన్నాళ్లు మూతి ముడుచుకుంటావు నాన్నా? గ్రూపు బాగుపడాలనేగా!"

"బాగుపడింది. నాలుగు రోజుల కిందట ఒకాయన అడిగాడు చూశావా? మైక్రోవేవ్ ప్లగ్గు తీసేశాను, లోపల చెయ్యి పెట్టొచ్చా అని."

"హిందీలో అడిగాడు. మూసేశా."

"చదివావా?"

చదవలేదు. లిపి చూసింది, తాళం నొక్కింది. అంతే.

"ప్లగ్గు తీసినా కెపాసిటర్లో కరెంటు నిలవుంటుందే తల్లీ! వద్దు, చెయ్యి పెట్టకు అని రాయబోయా. ఒక్కో అక్షరం వెతుక్కునేసరికి నువ్వు తాళం వేసేశావు. ఫోన్ చేస్తే మీటింగన్నావు."

నిజమే. "నీ హిందీ గొడవ సాయంత్రం వింటా" అని పెట్టేసింది. సాయంత్రం ఆ ఊసే గుర్తు లేదు.

"ఏమైందండీ ఆయనకి?" వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా వచ్చింది.

నాన్న ఫోను కూతురి ముందుకు తోశాడు. ఆస్పత్రి నుంచి ఆ మెకానిక్ తన కొడుకు చేత గ్రూపులో రాయించాడు. షాక్ కొట్టిందట. కుడిచేతి రెండు వేళ్లు తీసేశారట. 'తప్పు నాదే. ఇంగ్లీషు వచ్చినవాళ్లను వెతికి అడిగించాల్సింది. ఇది కూడా హిందీలో రాస్తున్నందుకు క్షమించండి.'

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"తిట్టు నాన్నా, నన్ను తిట్టు!"

"ఏ మొహం పెట్టుకుని తిట్టను? ఆయనకి విడిగా మెసేజ్ పెట్టుండొచ్చుగా నేను? నీమీద కోపంతో ఫోను పక్కన పడేశా."

ఆమె రూలు తీసేసింది. బళ్లో చదివిన హిందీని కూడదీసుకుని, ఆ తాళం వేసింది తనేనని, తప్పు ఆయనది కాదని రాసింది. అచ్చు తప్పులు చాలా పడ్డాయి. నాన్న దిద్దలేదు.

కాసేపటికి జవాబొచ్చింది. 'ఇంకో ప్రశ్న అడగొచ్చా? ఎడమచేత్తో ఈ పని చెయ్యడం వస్తుందా?'

ఆమె ఫోను నాన్నకివ్వబోయింది. ఆయన అందుకోలేదు. కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు.

"నువ్వే రాయమ్మా. వస్తుందని రాయి. నేను నేర్పిస్తానని రాయి."