పెళ్లి ఫోటోలో బాపు

షిఫ్టు బస్సు వచ్చేలోపు ఇడ్లీలు తింటూనే భార్యకు పనులు అప్పగించడం కెల్విన్‌కు అలవాటు. ఆ రోజు చెప్పిన పని వినగానే మాత్రం సిల్వియా చేతిలో గరిటె ఆగిపోయింది. తన చెల్లెలు ఎవాంజెలిన్ పెళ్లికి తండ్రి ఫోటో ఒకటి తయారు చేయాలట. పెళ్లికూతురి పక్కన ఆయన నిలబడి ఉన్నట్టు ఉండాలట. కంది అనే ఊరి నుంచి మగపెళ్లివాళ్లు అడిగారు. పెళ్లినాడు చర్చిలో తెర మీద ఆ ఫోటో చూపించి, పోయినవాడిని తలుచుకుని ఒక నిమిషం ప్రార్థన చేస్తారట. శుభలేఖలో "ప్రభువునందు నిద్రించిన పెంటయ్య గారి కుమార్తె" అని ఎలాగూ వేయిస్తున్నారు, ఫోటో కూడా ఉంటే నిండుగా ఉంటుందని వాళ్ల అభిప్రాయం. పాపం మంచి మనసుతోనే అడిగారు.

చిక్కల్లా ఏమిటంటే, పెంటయ్య బతికే ఉన్నాడు. హత్నూర దగ్గర ఒక కోళ్లఫారంలో కాపలా ఉంటున్నాడు. ఒకప్పుడు అందరూ పటాన్‌చెరులో ఒకే గదిలో ఉండేవాళ్లు. ఒక రోజు ఆయన తాగి వచ్చి భార్య ఏసమ్మ చెయ్యి విరగ్గొట్టాడు. అప్పుడు ఇంటర్ చదువుతున్న కెల్విన్ తండ్రిని వాకిట్లోకి నెట్టి తలుపు గడియ పెట్టాడు. ఆ తర్వాత ఆయన్ను గడప తొక్కనివ్వలేదు. ఎవాంజెలిన్‌కు ఈ సంబంధం వచ్చినప్పుడు, తాగుబోతు తండ్రి ఉన్నాడని తెలిస్తే ఎవరు చేసుకుంటారని భయపడి, చనిపోయాడని చెప్పేశాడు.

పిల్లను చూడటానికి మగపెళ్లివాళ్లు వచ్చిన రోజు ఏసమ్మ వంటింట్లోకి వెళ్లి మెట్టెలు తీసి కొంగున ముడేసుకుంది. తీయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఎవాంజెలిన్ తల వంచుకుని కూర్చుంది. సిల్వియా అందరికీ టీ కప్పులు అందించింది. అబద్ధమాడింది కెల్వినే కానీ, దాన్ని ఇంటిల్లిపాదీ కలిసే మోశారు.

సిల్వియా కిష్టారెడ్డిపేటలోని అద్దె ఇంట్లో కూర్చునే ఫోన్‌లో శుభలేఖలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు తయారు చేస్తుంది. ఏఐతో బొమ్మలు చేయించడం నేర్చుకున్నాక గిరాకీ బాగా పెరిగింది. చాలామంది "అందమైన ఫోటో" అని ఒక్క ముక్క రాసి, వచ్చిందాన్ని చూసి మొహం మాడ్చుకుంటారు. అందమంటే ఏమిటో దానికేం తెలుసు పాపం. వయసెంత, వెలుతురు ఎటు నుంచి పడుతోంది, చేతులు ఎక్కడున్నాయి, చూపు ఎవరి మీద ఉంది, అన్నీ విడమరచి రాయాలి. ఫలానాది వద్దు అని రాస్తే ఒక్కోసారి దాన్నే తెచ్చి పెడుతుంది కాబట్టి, కావలసిందేదో అదే రాయాలి. మనం చెప్పకుండా వదిలేసిన చోటల్లా అది తనకు తోచింది నింపేస్తుంది. ఈ కిటుకులన్నీ ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడు చేసుకుంటూనే తెలుసుకుంది.

ఆ మధ్యాహ్నం ఏఐకి మొదటి ప్రాంప్ట్, అంటే ఎలాంటి బొమ్మ కావాలో వివరం, రాసింది. కూతురి పెళ్లిలో తెలుగు తండ్రి, అరవై ఏళ్లు, తెల్ల చొక్కా, సంతోషం. వచ్చినాయన ఎర్రగా బుర్రగా, మెలితిప్పిన మీసాలతో, పట్టు కండువాతో ఏ ఊరి దొరో అన్నట్టున్నాడు. నుదుట బొట్టు కూడా ఉంది. పాస్టరుగారు చూస్తే ఇక అంతే సంగతులు. ఏసమ్మ పెట్టెలో దొరికిన పాత కంపెనీ గుర్తింపు కార్డు ఫోటోను జతచేసి మళ్లీ రాసింది. ఈసారి మొహం కుదిరింది కానీ వయసు కుదరలేదు. పెళ్లికూతురి పక్కన తండ్రి అన్నలా నిలబడ్డాడు. సిల్వియా తన మామను ఎన్నడూ చూడలేదు. ఇక అడగాల్సింది అత్తనే.

ఏసమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సిల్వియా పక్కనే చతికిలబడి, మామ ఎట్లుంటాడో చెప్పమంది. ఏసమ్మ మొదట్లో తప్పించుకుంది. తర్వాత చేతిలోని కాయ వైపే చూస్తూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"చెవులు జెర బయటికుంటయ్. కుడి కనుబొమ్మ నడుమ తెగి ఉంటది, చిన్నప్పుడు రేకు గీరుకున్నదట. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటడు. ఎడమ భుజం కిందికి దిగి ఉంటది, కంపెనీల డ్రమ్ములు మోసి మోసి గట్లయింది."

సిల్వియా వేలు టకటకా రాసుకుంటూ పోతోంది. జుట్టు ఎలా పెట్టమంటావని అడిగింది.

"తలంత తెల్లగైంది. ముంగటి పన్ను ఊడింది. అద్దాల పుల్ల ఇరిగితే దారం కట్టుకున్నడు. కొత్తయి తీసుకోమని ఎన్నిసార్లు చెప్పినా ఇనడు."

సిల్వియా వేలు ఆగింది. ఏసమ్మ చేతులూ ఆగాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఏసమ్మ గొంతు తగ్గించి అంతా చెప్పేసింది. చర్చిలో ఆడవాళ్ల ప్రార్థన, స్త్రీల మైత్రి కూటమని ఇంట్లో చెప్పి వెళ్లే రోజుల్లో కొన్నిసార్లు ఆమె బస్సెక్కి హత్నూర పోతోంది. పెంటయ్యకు ఒకసారి రక్తం కక్కుకునేంత జబ్బు చేస్తే అక్కడి పాస్టరుగారు ఆస్పత్రిలో చేర్పించారట. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. ఈమె జొన్నరొట్టెలు, పచ్చడి పట్టుకుపోతే ఇద్దరూ చర్చి మెట్ల మీద కూర్చుని పిల్లల సంగతులు మాట్లాడుకుంటారు. ముందు కెల్విన్ గురించే అడుగుతాడట. కొడుకుకు మాత్రం చెప్పొద్దని ఏసమ్మ కోడలి చెయ్యి పట్టుకుని బతిమాలింది.

సిల్వియా అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. అత్త చెప్పినవన్నీ కలిపి కొత్త ప్రాంప్ట్ రాసింది. దారం కట్టిన అద్దాలు పెళ్లిలో ఏం బాగుంటాయని కొత్త అద్దాలు రాసింది. ఊడిన పన్నుకు బదులు నిండు పలువరుస రాసింది. తనను ఆయన పక్కన పెట్టొద్దని కెల్విన్ పొద్దునే గట్టిగా చెప్పాడు కాబట్టి పెళ్లికూతురు, తండ్రి, ఇద్దరినే రాసింది. అంతే, ఫోన్‌లో పెంటయ్య ప్రత్యక్షమయ్యాడు. తెగిన కనుబొమ్మ, వాలిన భుజం, నవ్వుకు అడ్డం పెట్టుకోబోతున్న చెయ్యి, అన్నీ ఉన్నాయి. తను ఇంతవరకు చేసిన వాటిల్లో ఇంత గొప్పగా కుదిరింది మరొకటి లేదు.

సాయంత్రం కెల్విన్ ఆ ఫోటోను చాలాసేపు చూసి, బాగుందని మాత్రం అని స్నానానికి పోయాడు. నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఆ పూటే దాన్ని కందికి పంపించాడు. సిల్వియా అంతటితో ఊరుకోలేదు. దూరమైన మీ ఆత్మీయులను మీ పెళ్లిలో మీ పక్కనే నిలబెడతాం అని రాసి, ఆ ఫోటోను తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. తెల్లారేసరికి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఆమెకు సంతోషమేసింది. తర్వాతి రోజుల్లో ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది ఆ సంతోషమే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం అందరూ టీ తాగుతుండగా ఏసమ్మ బయటి నుంచి వచ్చింది. చెప్పులు విడిచి, ఎవరూ అడగకుండానే గోడకు ఆనుకుని కూర్చుంది. హత్నూర పోయి వస్తున్నానంది. అక్కడి పాస్టరుగారి భార్య సిల్వియా దగ్గరే ఒక ఫ్లెక్సీ చేయించుకుంది. ఆమె ఫోన్‌లో ఆ స్టేటస్ కనిపించింది. ఆమె తెల్లబోయి పెంటయ్యకే చూపించిందట. చనిపోయాడని చెప్పిన సంగతి ఏసమ్మ ఆయనకు చెప్పక తప్పలేదు.

"ఫోటో మంచిగొచ్చిందన్నడు. అదే ఉంచుమన్నడు. నేనొస్తే బిడ్డ పెండ్లి చెడిపోతది, ఫోటో అయితే ఎవ్వరికీ అడ్డం రాదన్నడు," అంది ఏసమ్మ.

సిల్వియా చేతిలో టీ చల్లారిపోయింది. కెల్విన్ కోపమంతా తల్లి మీదికి మళ్లింది. ఆయన దగ్గరికి ఎన్నాళ్ల నుంచి పోతున్నావని, ఇంత జరిగినా నీకు సిగ్గనిపించలేదా అని అరిచాడు. అరుస్తూ అరుస్తూనే తల్లి చేతి వైపు చూశాడు.

"నీ చెయ్యి ఇరిగిన సప్పుడు నాకింకా ఇనిపిస్తది అమ్మా."

"నాకు తెల్వదా బిడ్డా. ఆ దినం నువ్వు గడియ పెట్టినవు గనుకనే నేను బతికిన. అది తప్పంటలేను. గని ఆ చెయ్యి నాది. మాఫ్ చేయాల్నా వద్దా అన్నది నేను జెప్పాలె. నువ్వు ఆయన సచ్చిండని జెప్పితే నేను నోరు మూసుకున్న. మెట్టెలు గూడ తీసిన. ఆ పాపం నీ ఒక్కనిది గాదు."

ఎవాంజెలిన్ వదిన ఫోన్ అడిగి తీసుకుని ఫోటో చూసింది. తండ్రి ఇల్లు విడిచేనాటికి ఆమె చిన్నపిల్ల. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటావని పెళ్లికొడుకు ప్రవీణ్‌కుమార్ తనను ఆటపట్టిస్తుంటాడని, అది ఎవరి పోలికో తనకు ఇప్పుడే తెలిసిందని చెప్పింది. కెల్విన్ తల పక్కకు తిప్పుకుని, ఇదంతా నీ పెళ్లి కోసమే కదా అన్నాడు.

"నాకోసమే, కాదంటలేను. బతికున్న మనిషికి ఒక్క నిమిషం ప్రార్థన చేయిస్తరట. ఆ నిమిషం నేను కండ్లు మూసుకొని దేవునితోని ఏం జెప్పాలె అన్నా?"

సిల్వియాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆయన బాగుపడ్డాడని తనకు ముందే తెలుసని, తెలిసి కూడా పని బాగా కుదురుతోందన్న మురిపెంలో చేసేశానని భర్తతో ఒప్పుకుంది. అతను ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆ స్టేటస్ తీసేసింది కానీ, అప్పటికే ఎంతమంది చూశారో ఎవరికి తెలుసు.

ఎవాంజెలిన్ ప్రవీణ్‌కుమార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను, తనకు ఆమె తండ్రి సంగతి అభ్యంతరం కాదని, కానీ తన తల్లికి చెప్పాల్సింది అబద్ధమాడిన మనిషే అని అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. కెల్విన్ మూడు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. పెళ్లి తప్పిపోతుందన్న భయం ఒకవైపు, ఆనాడు పెట్టిన తలుపు గడియ తీయాల్సి వస్తుందన్న భయం మరోవైపు. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం బండి తీసి, సిల్వియాను ఎక్కమన్నాడు.

కందిలో పెళ్లికొడుకు తల్లి వాళ్లను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆమె బడిలో పాఠాలు చెప్పే మనిషి, నెమ్మదస్తురాలు. కెల్విన్ నిలబడే అంతా చెప్పాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు నలుపుతూ ఉన్నాడు. ఆమె అరుస్తుందని సిల్వియా ఎదురుచూసింది. ఆమె అరవలేదు.

"తండ్రి లేని బిడ్డ అని రోజు అన్నం ముంగట మేమంత ప్రార్థన చేస్తున్నం బాబూ. నా చిన్న మనుమరాలు గూడ చేస్తున్నది. ఇప్పుడు దానికి నేనేమని జెప్పాలె?"

కెల్విన్ కళ్లు తుడుచుకున్నాడు. కొడుక్కి తాగుబోతు మామ అంటే తాను వద్దనేదాన్నేమో, నిజమే, అని ఆమె దాచకుండా చెప్పింది. కానీ అబద్ధం మీద కోడలిని తెచ్చుకోవడం అంతకన్నా భయమంది. పెళ్లి తారీఖు గురించి ఇప్పుడే మాట ఇవ్వనని, ముందు ఆ మనిషిని తన కళ్లతో చూడాలని, ఈ రోజే తీసుకురమ్మని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

కంది నుంచి భార్యాభర్తలు నేరుగా హత్నూర వెళ్లారు. కోళ్లఫారం గేటు దగ్గరికి రాగానే కెల్విన్ బండి ఆపాడు కానీ దిగలేదు. కాళ్లు నేలకు ఆనించి హ్యాండిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సిల్వియా ఒక్కతే నడిచింది.

గేటు పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన ఆమెను చూసి లేచాడు. అతన్ని గుర్తుపట్టడానికి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తను ఒక్కో మాటగా రాసిన మనిషే కళ్లముందు నిలబడ్డాడు. తను కొత్తవి రాసిన చోట మాత్రం పాత అద్దాలే ఉన్నాయి, వాటి పుల్లకు దారం చుట్టి ఉంది. అది చూడగానే సిల్వియాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఉన్నదంతా ఉన్నట్టు రాశానని మురిసిపోయింది. ఆయన కష్టం కనబడే చోట్లన్నీ చెరిపేసిందన్న సంగతి ఇప్పుడు తెలిసింది. తను కెల్విన్ భార్యనని చెప్పి, మాఫ్ చేయమంది.

"మాఫ్ ఏంది బిడ్డా. బతికినప్పుడు నేను జేసిన పనులకు, సచ్చినోన్ని చేసినా తక్కువనే." ఆయన ఆమె భుజం మీదుగా ఎవరైనా ఉన్నారా అని చూశాడు, ఎండ కళ్లలో పడి సరిగా కనబడినట్టు లేదు. "ఫోటో మంచిగ చేసినవ్. ఒక్కటే లోటు. అండ్ల కెల్విన్ లేడు. చెల్లె పెండ్లిల అన్న లేకుంటె ఎట్ల?"

పెట్టొద్దన్నది ఎవరో ఈయనకు ఎలా చెప్పాలో సిల్వియాకు తోచలేదు. అంతలో వెనకాల కంకర మీద అడుగుల చప్పుడైంది.

"నేనే వద్దన్న," అన్నాడు కెల్విన్.

పెంటయ్య కొడుకు మొహం వైపు చూడలేక అతని బూట్ల వైపు చూశాడు. తండ్రి చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. కెల్విన్ దాన్ని చూస్తూ ఉండిపోయాడు. కోపం పూర్తిగా పోలేదని అతని దవడ చూస్తే తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి చాచి, ముసలాయన మెడలో వంకరగా ఉన్న కాలరును సరిచేశాడు.

"ప్రవీణ్ వాళ్లమ్మ నిన్ను సూడాలన్నది. ఇయ్యాలనే."

"గీ బట్టల మీదనా?" అన్నాడు పెంటయ్య భయంగా.

"గీ బట్టల మీదనే." కెల్విన్ బండి వైపు తిరిగాడు. తను బస్సులో వస్తానని చెప్పి సిల్వియా పక్కకు జరిగి కొంగుతో మొహం కప్పుకుంది. "బండెక్కు బాపూ."