ఏడు రోజుల మొదటి పాట

“మూడు?” అంది లోహిత.

“నీలి లాంతరు.”

“రెండు?”

“రేవు దాటిన రిక్షా. కిందటి వారం నాలుగులో ఉంది, ఈ వారం ఎగబాకింది.”

“ఒకటి?”

“గాజుల గడియారం. వరసగా మూడో వారం.”

ఎదురున్నాయన మణికట్టు పట్టీ పచ్చగానే ఉంది. పొందిక తొంభై తొమ్మిది. ఎదురు కుర్చీలో ముసలాయన పాఠం అప్పజెప్పినవాడిలా నవ్వాడు. నిన్నా ఇదే నవ్వు. మొన్నా ఇదే. మందుతో నిమ్మళించినవాళ్ళ దగ్గర పని సులువే గాని, ఆ నవ్వు ముందు చూపు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి ఎప్పుడూ తెలియదు. తెరకేసి చూసింది. 1982, అక్టోబరు, మూడో వారం. ఈ ఉదయం అందరికీ అదే వారం.

తరువాతి పేరు ఎర్రగా వచ్చింది. నాంచారయ్య, ఆరో గది, మూడో విడత పరీక్ష. దాని కింద చిన్న అక్షరాల్లో: తప్పితే నిమ్మళింపు, 11.00.

టైము తొమ్మిది నలభై.

ఆమె ఆరో గదికి నడిచింది. రెండేళ్ళుగా ఆయన చెప్పే వరుస విని రాసుకునే శ్రోత ఆమే. ఈ శ్రవణాలయంలోని మూడువందల పన్నెండు మందిలో ఆమెతో వాదించేవాడు ఇప్పుడు ఆయనొక్కడే మిగిలాడు.

ముసలితనంలో మనసు ఒడ్డు కోసుకుపోవడం మొదలైతే చివరిదాకా నిలిచేది ఏమిటో కనిపెట్టి చాలా ఏళ్ళయింది. పదిహేనుకీ ఇరవైకీ మధ్య విన్న పాటలు, అవి వచ్చిన వరుస. ఈ ముసలివాళ్ళకి ఆ వయసు 1980ల మొదటి ఐదేళ్ళు. ప్రతి ఆదివారం ఉదయం వారధి రేడియో పది పాటల వరుస చెప్పేది. శ్రోతలు పంపిన కార్డుల్నీ, కొట్లలో అమ్ముడుపోయిన చిన్న రికార్డుల్నీ కలిపి కట్టిన వరుస. ఆ రేడియో మూతపడింది, కాగితాలు చెదలు తిన్నాయి. నలభై ఒక్క కేంద్రాల్లోని ముసలివాళ్ళ జ్ఞాపకాల్లోంచి యంత్రం ఆ వారాలన్నిటినీ తిరిగి కట్టింది. అదే ఉమ్మడి వరుస. రోజూ వాళ్ళచేత చెప్పించి రోజూ సరిచూసుకుంటుంది. అందరికీ ఒకటే వరుస ఉంటే అందరూ నిలబడతారట. తేడా పడ్డవాడి దగ్గర ఒడ్డు విరుగుతున్నట్టట. శిక్షణలో అలా చెప్పారు.

లోహిత తరానికి వరుసలు లేవు. నిద్ర లేచేసరికి ఎవరి నాడిని బట్టి వాళ్ళ చెవిలో వాళ్ళ పాట పుట్టేది, సాయంత్రానికి చెరిగిపోయేది. పదిహేనో ఏట ప్రాణంలా అనిపించిన ఒక పాటని ఆమె స్నేహితురాలికి పాడి వినిపించింది. ఆ పిల్ల మర్యాదగా తలూపింది. ఆ తలూపు ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. ఒక రాష్ట్రం మొత్తం ఒకే ఆదివారం ఒకే పాట కోసం ఊపిరి బిగబట్టిందంటే, తను పుట్టడానికి ముప్ఫై ఆరేళ్ళ ముందు జరిగిన ఆ సంగతి మీద ఆమెకి బెంగగా ఉండేది. లేనిదాని మీద బెంగ. అందుకు ఏ పట్టీలోనూ రంగు లేదు, ఆమె మణికట్టుకున్న శ్రోత పట్టీలోనూ.

నాంచారయ్య కిటికీ దగ్గర నిలబడి గెడ్డం గీక్కుంటున్నాడు.

“వచ్చావా అమ్మాయ్. ఇవాళ నన్ను ఇస్త్రీ చేస్తారంటగా?”

“కూర్చోండి తాతగారూ. ముందు వరుస చెప్పండి.”

“చెప్తాను. నీకు నచ్చదు.”

పట్టీ కట్టింది. పదినుంచి రెండుదాకా ఆయన తడుముకోకుండా చెప్పాడు. అన్నీ ఒక్కో మెట్టు కిందికి దిగి ఉన్నాయి. గాజుల గడియారం రెండులో ఉంది.

“ఒకటి?” అంది.

“సముద్రం సైకిలెక్కింది.”

పట్టీ ఎర్రబడింది. పొందిక నలభై ఒకటి.

“తాతగారూ, ఆ పాట పదిలోనే లేదు. ఏ కేంద్రంలోనూ ఒక్కరూ చెప్పలేదు.”

“చెప్పకపోతే లేనట్టా? నా చెవుల్తో విన్నాను.”

“ఒక్కసారి గాజుల గడియారం అనండి. నా కోసం అనండి.”

“అంటాను. గాజుల గడియారం.” పట్టీ ఇంకా ఎర్రబడింది. ఆయన దాన్ని చూసి పకపకా నవ్వాడు. “చూశావా? నోరు నీ మాట విన్నా ఒళ్ళు వినట్లా. నన్నేం చేయమంటావు?”

ఆమెకి నవ్వు రాలేదు. “గంట పైన టైముంది. ఆ నిమ్మళింపు మందు ఎక్కితే ఈ పాటొక్కటే పోదు తాతగారూ. దానికి అంటుకున్నవన్నీ పోతాయి. ఆ వారం మీకు అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో రెండేళ్ళుగా అడుగుతున్నాను, మాట తప్పిస్తున్నారు. ఏమిటది?”

ఆయన కిటికీకేసి తిరిగాడు. గెడ్డానికి అంటిన నురగ ఆరిపోయింది.

“మా అక్క భ్రమరాంబ,” అన్నాడు. “చిన్నప్పుడే కాళ్ళు పడిపోయినై. గడప దాటి ఎరగదు. ఆ పాట వచ్చింది. సినిమా ఆడలేదు, రికార్డు ఎవడూ కొనలేదు. అక్కకి మాత్రం పిచ్చి పట్టింది. పాట మొదట్లో సైకిలు బెల్లు మోగుద్ది చూడు, అప్పుడు కళ్ళు మూసుకునేది. మా నాన్న బడిపంతులు. ఎన్నికల జాబితాలు ఇంట్లోనే పడుండేవి. అందులోంచి ఏటి పాయ అవతలి ఊళ్ళవాళ్ళ పేర్లు ఏరి, నూట నలభై కార్డులు రాసింది. నూట నలభై రకాల దస్తూరీ! ఎడం చేత్తో కొన్ని, కుడి చేత్తో కొన్ని. నేను సైకిలేసుకుని పదకొండు ఊళ్ళ పోస్టు డబ్బాల్లో వేశాను, ముద్రలు వేరేగా పడాలని.”

“దొంగ కార్డులా?”

“దొంగవే. ఆ ఆదివారం వారధి వాళ్ళు మొదటి స్థానం అని ఆ పాట చెప్పి, కోరినవాళ్ళ పేర్లు చదివారు. అక్క పుట్టించిన జనమంతా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు రేడియోలోకి వస్తన్నారు. అది మంచం మీద నుంచి చప్పట్లు కొట్టింది. ఆ వారమంతా వీధిలో పోయే ప్రతివాణ్ణీ పిలిచి, ‘విన్నారా, మొదటొచ్చింది’ అని అడిగేది. అంతకుముందు వీధిలోవాళ్ళని పిలిచిన మనిషి కాదు.”

“మరి?”

“చదివిన పేర్లలో కొల్లు సూరయ్య అని ఒకటుంది. ఆయన పోయి పదకొండు నెలలైంది. జాబితాలో కొట్టెయ్యలేదు. ఇల్లు కదలని మనిషి, పాయ అవతల ఎవరు బతికున్నారో ఎవరు పోయారో అక్కకేం తెలుసు? ఆయన భార్య రేడియో విన్నది. స్టేషనుకి ఉత్తరం రాయించింది. తిడుతూ కాదమ్మాయ్. ‘మావారు ఏ ఊరి నుంచి రాశారో చెబితే వెళ్ళి కలుస్తాను’ అని.”

లోహిత ఆయన పట్టీ విప్పబోయి ఆగిపోయింది.

“స్టేషనువాళ్ళు ఆరా తీసుకుంటూ మా ఇంటికొచ్చారు. తరువాతి ఆదివారం, కిందటి వరుసలో తప్పు దొర్లిందని చెప్పి కొత్తది చదివారు. జనానికి అదే గుర్తుంది. మా నాన్న నన్ను నిలదీశాడు. నాకేం తెలీదు, అంతా అక్కే చేసిందన్నాను. పదకొండు ఊళ్ళు సైకిలు తొక్కినోణ్ణి! అది నా మొహం చూసి, ‘అవును, వాడికేం తెలీదు’ అంది. మళ్ళీ రేడియో పెట్టమనలేదు. ఆ చలికాలం దాటలేదు.” ఆయన మణికట్టు ముందుకు చాపాడు. “ఏడు రోజులు అది మొదటి పాట. ఆ ఏడు రోజుల్లో అక్క నవ్వింది. మీ మందు ఆ వారాన్ని సరిచేస్తే నాకు అక్క అనేది ఒక పేరుగా మిగులుద్ది. అబద్ధమాడానన్న నొప్పి కూడా పోద్ది. ఆ నొప్పి నాది. మీకెందుకిస్తాను?”

ఆయనది భ్రమ అయితే జాలిపడి ఊరుకోవచ్చు. భ్రమ కాదు. వరుస రెండుసార్లు చదివారు, ఆయన మొదటిది పట్టుకున్నాడు, అంతే. కాని నిజమైన జ్ఞాపకానికీ విరుగుతున్న ఒడ్డుకీ పట్టీలో ఒకటే ఎరుపు. ఇంతకుముందు పట్టీలు ఎర్రబడ్డాయని తను రాసిన వాళ్ళెందరు? పదిహేడు మంది. ఆమెకి పేర్లు కూడా గుర్తున్నాయి.

కేంద్రం అధికారి ప్రద్యుమ్న నడవాలో ఎదురయ్యాడు. ఆమె కంటే రెండేళ్ళు చిన్న, ఎప్పుడూ మెత్తగా మాట్లాడతాడు.

“నలభై ఒకటి. చూశాను లోహిత గారూ. మీకు కష్టంగానే ఉంటుంది.”

“ఆయన చెప్పేది నిజం సార్. ఆ వారం వరుస రెండుసార్లు చదివారు.”

“ఇంకొక సాక్షి ఉన్నారా?”

“లేరు.”

“మరైతే అది నిజమైనా ఒంటరిది. ఒంటరి జ్ఞాపకం మనిషిని లాక్కుపోతుంది.” గడియారం చూసుకున్నాడు. “నొప్పి ఉండదు. మా నాన్నకీ చేయించాను. పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాతో ఒక్కసారి కూడా గొడవపడలేదు.”

ఆ చివరి మాట ఓదార్పుగా అన్నాడని ఆమెకి తెలుసు. అనేసి తన గొంతు తనే విన్నట్టు నేలకేసి చూశాడు.

“పదిన్నర వరుసకి దారి తెరవండి. పదకొండుకి నేనే వస్తాను,” అన్నాడు.

పదిన్నరకి రోజూ, నిమ్మళింపుకి ఎదురుచూసేవాళ్ళని తప్ప అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెడతారు. పట్టీలు చేతులకే ఉంటాయి. శ్రోత దారి తెరిస్తే యంత్రం ఆ వారం వరుస చదువుతుంది, హాల్లోని ఒళ్ళన్నీ ఒప్పుకుంటాయి. ఆ ఒప్పుకోలే అచ్చు, మందు మనసుని పోసే మూస. అచ్చు లేనిదే ఎవరికీ నిమ్మళింపు జరగదు.

లోహిత హాలు పక్క అద్దాల గదిలో బల్ల ముందు కూర్చుంది. తెర మీద రెండు దారులున్నాయి. ఒకటి యంత్రానిది. రెండోది గదుల్లోని మైకులది, అటూ ఇటూ వినిపించేది, మంటలంటుకున్నప్పుడు వాడేది. ఉద్యోగం పోతుందని తెలుసు. అంతకంటే పెద్ద భయం ఒకటుంది. హాలంతా ఆయన్ని మర్యాదగా విని తలూపితే? ఆ తలూపు ఆయన తట్టుకోలేడు. దాని బరువు ఎంతో తనకి తెలుసు.

ఆరో గదికి దారి తెరిచింది.

“తాతగారూ, మైకు మీ ముందుంది. హాల్లో అందరూ వింటున్నారు. ఆ ఆదివారం ఎలా చెప్పారో అలా చెప్పండి.”

ముందు దగ్గు వినిపించింది. తర్వాత, ఎనభై ఏడేళ్ళ గొంతులోంచి ఒక కుర్ర ఎనౌన్సరు లేచాడు. “శ్రోతలకు శుభోదయం. ఈ వారం పదో స్థానంలో...”

తొమ్మిది, ఎనిమిది దాకా ఎవరూ కదల్లేదు. గాజుల గడియారం రెండు అనగానే ఎవరిదో కుర్చీ కిర్రుమంది. సముద్రం సైకిలెక్కింది మొదటి స్థానం అని చెప్పి, ఆయన ఊరుకోకుండా ట్రింగ్ ట్రింగ్‌మని నోటితో బెల్లు కొట్టి పల్లవి ఎత్తుకున్నాడు.

తలలు ఊగుతాయేమోనని లోహిత కళ్ళు మూసుకుంది.

“ఏం కాదు!” మూడో వరుసలోంచి ఒక పెద్దావిడ లేచింది. చీరాల సుందరాంబ గారు, పొందిక ఎప్పుడూ ఎనభై తగ్గని మనిషి. “ఎవరయ్యా నువ్వు, గాలి కబుర్లు! ఆ వారం మొదటిది నీలి లాంతరు! మా శ్రోతల సంఘం రెండొందల కార్డులు పంపితే రాకుండా ఎట్టా పోద్ది?”

ఆరో గదిలో పాట ఆగిపోయింది. “రెండొందలా?” అంది మైకు. “మీ సంఘంలో ఎంతమంది?”

“తొమ్మిది మందిమి!”

“దొంగ కార్డులన్నమాట!” నాంచారయ్య గొంతు కోపంతో వణికింది. “సిగ్గులేదుటమ్మా, ఊళ్ళో వాళ్ళ పేర్లు పెట్టి రాయడానికి?”

“నీకెట్టా తెలుసు ఊళ్ళో వాళ్ళ పేర్లని?”

వెనకెక్కడో ఒక ముసలాయన పెద్దగా నవ్వాడు. తమ కాలేజీ హాస్టలు రిజిస్టరు మొత్తం రాసి పంపామన్నాడు. ఇంకొకాయన, తన రికార్డుల కొట్లో సరుకు తనే కొన్నట్టు రాసుకున్నానని ఒప్పుకున్నాడు. యంత్రం చదివితే రోజూ ఒప్పుకున్నవాళ్ళే, మనిషి గొంతు వినేసరికి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కర్రలు నేలకి కొడుతున్నారు. ఎవరి వారం వాళ్ళది, ఎవరి మొదటి పాట వాళ్ళది. ముందు వరుసలో నిమ్మళించినవాళ్ళ నవ్వులు సర్దుకోవడానికి చోటు దొరక్క పెదవుల మీద తడబడుతున్నాయి. ఒకామె పక్కావిడ చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతోంది.

తెర మీద పచ్చ గళ్ళు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. అరవై. యాభై రెండు. ముప్ఫై. తరువాత అంకె బదులు ఒక వాక్యం వచ్చింది: ఉమ్మడి వరుస లభ్యం కాదు. కేంద్రాలన్నిటినీ అడుగుతున్నాను.

ప్రద్యుమ్న తలుపు తోసుకుని వచ్చాడు. మైకు ఆపే మీట మీదికి చెయ్యి చాపాడు గాని నొక్కలేదు. హాల్లోంచి నాంచారయ్య గొంతు, సుందరాంబ గారి గొంతు పోటాపోటీగా వస్తున్నాయి. ఇద్దరూ పల్లవులు అందుకున్నారు, ఎవరిది వాళ్ళు.

“పదకొండైంది,” అన్నాడు. “అచ్చు లేదు. ఆయనకి చేయలేను. ఎవరికీ చేయలేను.”

“అవును.”

“ఏం చేశారో తెలుస్తోందా మీకు?”

గోడమీది ఫోను మోగింది. అది ఆగకముందే రెండోది మోగింది, బల్ల మీదిది. తర్వాత ఆయన జేబులోది. మిగతా నలభై కేంద్రాల్లో యంత్రం అదే ప్రశ్న అడుగుతోంది, జవాబులు కలవడం లేదు. ఆయన ఎత్తిన ఫోనులో, అవతలి గొంతు వెనక ఇంకెక్కడో ముసలివాళ్ళ అరుపులు.

ఆయన ఫోను మీద అరచెయ్యి మూసి, మొదటిసారి అధికారిలా కాకుండా ఆమెకేసి చూశాడు.

“ఏది సరైనదో చెప్పమంటున్నారు. ఏం చెప్పను వాళ్ళకి?”

లోహిత తన మణికట్టు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

“వినమని చెప్పండి.”