సిమ్లా కోసం తెచ్చిన రుమాలు

"సిమ్లాకు పోతున్నం, స్వెటర్ కొనుమంటే నూనె గుడ్డ తెచ్చినవేంది? గీ వాసనకు మంచు గూడ పారిపోతది!"

దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో రజిత ముక్కు మూసుకుంది. భానుమూర్తి ముఖం మాడిపోయింది. అది చీరాలలో వాళ్ళ తాత నేసిన తేలియా రుమాలు. నూనె పట్టించిన నూలుతో నేస్తారు కాబట్టి ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉంటుందని వాళ్ళింట్లో అందరి నమ్మకం.

"కప్పుకుంటే తెలుస్తుందండీ, మేడమ్ గారూ."

"సరే తీ, కొండెక్కినంక చూద్దాం."

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. 2009 డిసెంబరు చివర్లో ఆఫీసువాళ్ళందరూ సిమ్లా టూరు పెట్టుకున్నారు. తెల్లదొరలు కట్టుకున్న ఆ పాత ఊళ్ళో, మంచులో నిలబడి, ఇంటికి ఫోన్ చేసి తమ ప్రేమ సంగతి చెప్పేస్తానని రజిత మాటిచ్చింది. ఎదురుగా ఉంటే నాన్న ముఖం చూస్తూ చెప్పలేనంది.

ఈలోగా తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కింది. ఎల్బీనగర్ చౌరస్తాలో ర్యాలీ జరుగుతుంటే తొక్కిసలాటలో రజిత తమ్ముడు శ్రవణ్‌కుమార్ తల పగిలింది. దవాఖాన నుంచి ఆమె ఫోన్ చేసింది.

"నా టికెట్ క్యాన్సిల్ చెయ్, భానూ. తమ్ముడు కండ్లు తెరుస్తలేడు. ఇప్పుడు ఆంధ్రా పిలగాడని నాయనకు ఏ మొకంతోని చెప్పాలె? మనది ఇగ అయిపోయింది."

బంద్ వల్ల బస్సుల్లేవు. బ్యాగులో రుమాలు పెట్టుకుని చలిలో దవాఖానకు నడిచే వెళ్ళాడు భానుమూర్తి. తరిమేస్తారేమోనని భయంగానే ఉంది. వెళ్ళకపోతే ఆమె ఇక దక్కదని అంతకన్నా భయంగా ఉంది.

వరండాలో బెంచీ మీద రజిత తండ్రి దశరథ వణుకుతున్నాడు. పోచంపల్లిలో మగ్గం వదిలి వచ్చి ఎల్బీనగర్‌లో చీరల కొట్టు పెట్టుకున్న మనిషి. భానుమూర్తి రుమాలు తీసి ఆయన భుజాల మీద కప్పాడు. పక్కనే ఉన్న రజిత బిగుసుకుపోయింది.

దశరథ అంచు పట్టుకుని వాసన చూశాడు.

"తేలియా! మా నాయన గూడ నేసేటోడు. ఎవల నేత ఇది?"

"మా తాతదండీ. మాది చీరాల."

ఆ యాస వినగానే ఆయన తలెత్తాడు. కూతురి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

ఆయన రుమాలు తీసేశాడు. భానుమూర్తి ప్రాణం ఉసూరుమంది.

దశరథ లోపలికెళ్ళి, ఉలుకూ పలుకూ లేని కొడుకు మీద ఆ రుమాలు కప్పాడు. తిరిగొచ్చి బెంచీ మీద కాస్త జరిగాడు.

"కూసో బిడ్డా. పోరడు లేస్తే సిమ్లాకు నలుగురం పోదాం."

రజిత అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. లోపల శ్రవణ్ ఇంకా కళ్ళు తెరవలేదు. భానుమూర్తి కూర్చున్నాడు.